ఐరిష్ పాటల మధ్య పదమూడో ఎక్కం

విండ్సర్‌లో మేం అద్దెకున్న ఇంటి యజమానురాలు ఐర్లండ్‌లో పుట్టి, పెళ్లయ్యాక కెనడా వచ్చి స్థిరపడిన ముసలావిడ. పైన ఆవిడ ఒక్కరే ఉండేవారు. కింద బేస్‌మెంట్‌లో మేం ఐదుగురు విద్యార్థులం. ఆ ఏడు మా వీధిలో ఏ బేస్‌మెంట్ తలుపు తట్టినా తెలుగే వినిపించేది. ఆవిడను మేం ఆంటీ అనేవాళ్లం. "నేను మీకు ఏ వరసన ఆంటీని?" అని మొదట్లో అడిగారు. తర్వాత ఆ పిలుపుకు ఆవిడే పలకడం మొదలుపెట్టారు.

చలికాలం చివర్లో ఒక రోజు నన్ను మెట్ల దగ్గర ఆపారు. "నువ్వు చదివేది ఎలక్ట్రికల్ కదా. నా గొంతు బాగా రికార్డ్ చేయగలవా?"

ఆవిడ అన్నగారు ఐర్లండ్‌లో ఒక వృద్ధాశ్రమంలో ఉన్నారు. వయసులో ఉన్నప్పుడు ఆయన తమ ఐరిష్ భాషలో రాసిన కవిత ఒకటి ఆవిడకు నోటికి వచ్చు. ఆయనకు వినికిడి తగ్గిపోతోంది. మొత్తం పోయేలోపు ఆ కవితను చెల్లెలి గొంతులో ఒకసారి వినాలని అడిగారట.

"వంటింట్లో కూర్చోండి ఆంటీ. ఫ్రిజ్ ఆపేస్తే చాలు, మూడు నిమిషాల్లో అయిపోతుంది," అన్నాను.

"ఖాళీ వంటింట్లో చెప్పింది అన్నయ్యకెందుకు? మనుషుల మధ్య చెప్పాలి."

నాకు అర్థం కాలేదు. నిశ్శబ్దంగా ఉన్న గదిలో రికార్డింగ్ శుభ్రంగా వస్తుంది, జనం ఉన్న చోట రాదు. ఇది అభిప్రాయం కాదు, కొలిచి చూపించగలను. అయినా ఒప్పుకున్నాను.

నెలకోసారి ఆదివారం మధ్యాహ్నం ఐరిష్ వాళ్లు ఒక హాల్లో చేరి కవితలు చెప్పుకుంటారని, పాటలు పాడుకుంటారని ఆవిడ చెప్పారు. ఎవరెవరు వస్తారో అడిగి నేను ఒక పట్టిక తయారుచేశాను. పద్నాలుగు అంశాలు, ఒక్కోదానికి ఐదు నిమిషాలు. ఆంటీది ఏడోది. అప్పటికి జనం కుదురుకుంటారు, ఇంకా అలసిపోరు. పట్టిక చూపిస్తే ఆవిడ నవ్వి, చాలా నీట్‌గా ఉందన్నారు.

ఆ ఆదివారం వరంగల్‌వాడైన మా రూమ్మేట్ ఒకడు సామాను మోయడానికి తోడొచ్చాడు. వాయించేవాళ్లకు ఆరు కుర్చీలు ప్రేక్షకుల వైపు వరసగా వేసి, రెండు మైకులు పెట్టి, తీగలు నేలకు టేపుతో అంటించాం. ఫిడేలు, వేణువు, అకార్డియన్, మన కంజిరకు పెద్దన్నలాంటి ఒక వాయిద్యం పట్టుకుని వాళ్లొచ్చారు. రాగానే కుర్చీలన్నీ గుండ్రంగా తిప్పుకుని ఒకరికొకరు ఎదురుగా కూర్చున్నారు. సగం మంది వీపులు మా వైపు. ఎవరూ నమస్కారం పెట్టలేదు, పేరు చెప్పలేదు. వాయించడం మొదలుపెట్టారు.

"ఏందిరా, మన దిక్కు సూస్తలేరేంది?" అన్నాడు రూమ్మేట్. "అలిగిన్రా?"

"రిహార్సల్ అయ్యుంటుంది."

ఒక పాట అయింది. మళ్లీ అదే మొదలైంది. మూడోసారి కూడా అదే.

"అరే, స్టక్ అయింది మామా. రీస్టార్ట్ చెయ్."

మూడోసారి పూర్తవుతూనే, ఆపకుండా వేరే పాటలోకి జారిపోయారు. దాన్నీ మూడుసార్లే వాయించారు. నేను పట్టిక వెనక 'మూడు చొప్పున' అని రాసుకున్నాను. ఎందుకో మాత్రం రాసుకోలేకపోయాను.

తర్వాత ఒకావిడ కూర్చున్న చోటే కళ్లు మూసుకుని పాడింది. పాడాక గది చుట్టూ చూసి ఒకాయనను పేరుపెట్టి పిలిచింది. నా లెక్కలో ఆయనది పదకొండోది. ఆయన కవిత చెప్పి ఇంకొకరిని పిలిచాడు. వాళ్లు నా పట్టికలోనే లేరు. గంట గడిచింది. ఆంటీ కిటికీ పక్కన కోటు విప్పకుండా, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఎవరూ ఆవిడ వైపు చూడలేదు.

ఇక ఆగలేక, ఒక పాటకూ ఇంకో పాటకూ మధ్య మైకు దగ్గరికి వెళ్లాను. "ఇప్పుడు ఏడో అంశం," అని ఆంటీ పేరు చదివాను.

ఆంటీ ముఖం ఎర్రబడింది. తల అడ్డంగా ఊపి కిటికీలోంచి బయటికి చూడసాగారు. ఫిడేలాయన గబగబా ఏదో అందుకున్నాడు, పిల్లవాడి చేతిలోంచి పాలగ్లాసు జారితే పెద్దవాళ్లు మాట మార్చినట్టుగా.

"గాయబ్ అయిపోదాం పా," అన్నాడు రూమ్మేట్ నా చెవిలో.

అకార్డియన్ వాయించే పెద్దాయన టీ కోసం లేచి నా పక్కకు వచ్చాడు. ఇక్కడ పాడినవాళ్లదే తర్వాతివాళ్లను పిలిచే హక్కు అని మెల్లగా చెప్పాడు. తనంతట తాను ఎవరూ ముందుకు రారు. కాగితం చూసి ఎవరూ పిలవరు.

"మరి ఆంటీని ఎవరూ పిలవట్లేదేంటి?"

"వాళ్లాయన ఉన్నప్పుడు ఆయన పాడి ఆవిడనే పిలిచేవాడు. ఆయన పోయాక మేం చాలాసార్లు పిలిచాం. తల అడ్డంగా ఊపేది. ఇంకా పిలిస్తే బాధపెట్టినట్టవుతుందని మానేశాం."

"ఈసారి చెబుతారు. చెప్పడానికే వచ్చారు."

"మాతో అనలేదే?"

"ఆవిడ మీతో అనొచ్చుగా!"

"తనే అడిగి పిలిపించుకుంటే అది పిలుపెలా అవుతుంది?"

ఆయన టీ తీసుకుని వెళ్లిపోయాడు. ఈ వాక్యాన్ని ఎటునుంచి చదివినా నాకు తేలలేదు. ఆవిడకు చెప్పాలని ఉంది, వీళ్లకు వినాలని ఉంది. మధ్యలో తీగ ఎక్కడ తెగిందో కనిపిస్తోంది, కలపడానికి మాత్రం ఎవరికీ అనుమతి లేదు.

కాసేపటికి పెద్దాయన ఒక పాట పాడాడు. పాడాక నెమ్మదిగా గదంతా చూసి, "కాగితం కుర్రాడు," అన్నాడు.

అందరూ నవ్వారు. నాకు పాట రాదు. బడిలో నేర్చుకున్న పద్యాల్లో మొదటి పాదాలు తప్ప ఏవీ గుర్తు రాలేదు. "ఏదో ఒకటి గుంజురా," అన్నాడు రూమ్మేట్. నోరు తెరిస్తే, మా ఊరి బడిలో వరండాలో నిలబడి అరిచిన పదమూడో ఎక్కం బయటికొచ్చింది.

"పదమూడు ఒకట్లు పదమూడు, పదమూడు రెళ్ళు ఇరవై ఆరు..."

అదే రాగం, అదే ఊగడం. మూడో వరసకు పెద్ద కంజిర కలిసింది. ఏడో వరసకు వేణువు వచ్చింది. పదులకు వచ్చి ఆపేశాను. ఒకావిడ కళ్లు తుడుచుకుంది. అందులో ఏం వినిపించిందో అడిగే ధైర్యం లేకపోయింది.

కూర్చోబోతుంటే అందరూ నా వైపే చూస్తున్నారు. మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది, ఇక పిలవాల్సింది నేనే. ఈసారి కాగితం జేబులోనే ఉంచి, "ఆంటీ," అన్నాను.

ఆవిడ కోటు విప్పి కుర్చీ వీపుకు తగిలించి, కూర్చునే కళ్లు మూసుకుని చెప్పారు. నాలుగు నిమిషాలు పట్టింది. ఒక్క మాటా నాకు అర్థం కాలేదు. మధ్యలో ఎవరో దగ్గారు, బయట లారీ ఒకటి వెళ్లింది. ఆవిడ ఆగినచోటల్లా ముసలివాళ్లు ఒకటి రెండు మాటలు గొణిగారు. అయిపోయాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆవిడ కళ్లు తెరిచి, ఫిడేలాయనను పిలిచారు.

మర్నాడు ఆవిడ వంటింట్లో లాప్‌టాప్ పెట్టుకుని, దగ్గునూ లారీనీ తగ్గించాను. నా ఎక్కం తీసేయబోతుంటే ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు.

"అది ఉండనీ."

"అది కవితలో భాగం కాదు ఆంటీ."

"నన్నెవరు పిలిచారని అన్నయ్య అడగడా?"

పంపాం. వారం తర్వాత ఆవిడ మెట్లమీంచి కేక వేశారు. అన్నగారు ఫోన్ చేశారట. రెండుసార్లు విన్నారట. కవిత గురించి ఏమన్నారని అడిగాను.

"ఏమీ అనలేదు. అన్నయ్య ఏడ్చాడు, నేనూ ఏడ్చాను. నిన్నొకటి అడగమన్నాడు. ఆ కుర్రాడి పాట బాగా నడుస్తుంటే, పది దగ్గర ఎందుకు ఆపేశాడు అని."

మా దగ్గర ఎక్కాలు పది వరకే అని చెప్పబోయాను. చెప్పకుండా, మెట్ల కిందే నిలబడి పదమూడు పదకొండ్లు ఎంతో లెక్క కట్టాను.