రూపశ్రీ, వరదమ్మ ఒక్కపొద్దు

మా చిత్తూరు వైపు వాళ్ళను ఒంట్లో ఎట్లుందని అడగడమంత దండగ పని ఇంకొకటి లేదు. ప్రాణం మీదికి వచ్చినా "బాగుండాను" అనే అంటారు. తిరుపతిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే రూపశ్రీకి ఈ సంగతి తెలియంది కాదు, ఆమెదీ ఈ వైపు పూతలపట్టే. అయినా ఆమె పట్టు ఆమెది. మిషన్లు ఏం చూపించినా సరే, రోగి నోటితో చెప్పించుకోనిదే మంచం దగ్గర నుంచి కదలదు. తోటి నర్సులు "నీకు కబుర్లెక్కువ" అని ఎగతాళి చేస్తారు.

పెరటాసి నెలలో ఒక శనివారం పొద్దున వడమాలపేట వరదమ్మ దగ్గరికి వెళ్ళింది. ఆమెకు షుగరు, కాలికి పుండు.

"అవ్వా, టిఫిను తిన్నావా?"

"తిన్న్యాలే పాపా."

ఆ మాట నమ్మి రూపశ్రీ ఇన్సులిన్ వేసింది.

కాసేపటికి మళ్ళీ అటు వస్తే ముసలామె ముఖమంతా చెమట. చేతులు వణుకుతున్నాయి.

"ఎట్లుండాది అవ్వా?"

"బాగుండాను. గాలాడలా, అంతే."

అనుమానం వచ్చి వేలు గుచ్చి చూసింది. షుగరు బాగా పడిపోయింది. మంచం కింద ఇడ్లీ పొట్లం విప్పకుండా అట్లే ఉంది. డాక్టరును పిలవమని కేకేసి, గ్లూకోజు నీళ్ళు నోటికి అందించింది. వరదమ్మ ముఖం తిప్పుకుంది.

"ఒక్కపొద్దుండాను పాపా. ఇంట్లో తళిగ కాలా."

వెంకటేశ్వరస్వామికి అరిటాకులో అన్నం కుప్పపోసి, కర్పూరం వెలిగించి గోవింద చెప్పడమే తళిగ. అది అయ్యేదాకా మంచినీళ్ళు కూడా ముట్టనని ఆమె మొక్కు. చెబితే నర్సమ్మ తిడుతుందని తిన్నానంది. రూపశ్రీకి తన మీద తనకే ఒళ్ళు మండింది. ఈ వైపే పుట్టి పెరిగి, ఇది ఇంటింటా ఒక్కపొద్దులుండే పెరటాసి శనివారమని తలచుకోకుండా సూది వేసింది.

డాక్టరు వచ్చి గ్లూకోజు ఎక్కించబోతే నరం దొరకలేదు. ఒకచోట గుచ్చితే వాచింది. వరదమ్మ కళ్ళు మూతలు పడుతున్నాయి. రూపశ్రీ ఆమె ఫోను తీసుకుని కోడలు లోహితకు చేసింది.

"తళిగ ఎంతసేపు?"

"అన్నం ఇంకా ఉడకతా ఉండాదక్కా."

"ఉడకనీలే. ఈడ మీ అత్త ప్రాణం పోతా ఉండాది. ఉండే బెల్లం ఆకులో పెట్టి కర్పూరం ముట్టించు. ఫోను ఆమె చెవి దగ్గర పెడతా ఉండాను."

అవతల గిన్నెల చప్పుడు, ఎవరివో పరుగులు. తర్వాత ఇంటిల్లిపాదీ ఒక్కసారిగా "గోవిందా, గోవింద" అన్నారు. వరదమ్మ కూడా గొణిగినట్టు ఆ మాటే అని, గ్లాసు అందుకుని తాగింది.

చెమట ఆరిపోయాక రూపశ్రీ మంచం అంచున కూలబడి అలవాటు కొద్దీ అడిగింది. "ఇప్పుడెట్లుండాది అవ్వా?"

వరదమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "బాగలేదు పాపా. తల తిరగతా ఉండాది. కాలు ఒకటే మంట. రాత్రి నుంచీ నిద్దర లేదు."

ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఇంత ఊరటనిచ్చిన మాట రూపశ్రీ వినలేదు. కళ్ళు తుడుచుకుని, "ఇంకా చెప్పు" అంది.