అడాప్టర్ కొనడానికి టీవీ మోసుకెళ్ళిన మనిషి

మ్జే మకోఖా పరీక్షించకుండా ఏదీ కొనరు.

పెద్దవాళ్ళని మ్జే అని పిలిచే మా నైరోబీలో ఇది వింతేం కాదు. బల్బు అడిగితే కొట్టువాడే హోల్డరులో పెట్టి వెలిగించి చూపిస్తాడు. వెలిగితే డబ్బులిచ్చి వెళ్తాం. మకోఖా గారు వెళ్ళరు.

"ఆర్పు," అంటారు.

ఆర్పుతాడు.

"ఇప్పుడు వెలిగించు."

"ఇందాక వెలిగింది కదా మ్జే!"

"అది ఇందాకటి సంగతి."

గొడుగు కొనడానికి వెళ్ళి బకెట్టుతో నీళ్ళు తెప్పించారు. దిండు కొనడానికి వెళ్ళి గంటసేపు నిద్రపోయారు. లేచి, కల సరిగ్గా రాలేదని వేరేది అడిగారు. ఒకసారి కొత్త బూట్లు తొడుక్కుని బస్టాండు దాకా నడిచి వస్తానన్నారు. పూచీగా తన పాత బూట్లు కౌంటరు మీద పెట్టారు. కొట్టువాడు ఆ బూట్ల వంక ఒక్కసారి చూసి ఆయన వెంట పరిగెత్తాడు.

మా వీధిలో ఒక పెద్దాయన పోతే శవపేటిక తెచ్చే పని మకోఖా గారికి అప్పగించాం. రోడ్డు పక్కన వరసగా పెట్టి అమ్ముతుంటారు. ఆయన ఒకదాంట్లోకి దిగి పడుకుని, మూత కూడా వేయమన్నారు. అటుగా పోతున్న మటాటు వ్యాను ఆగింది. అందులోవాళ్ళు దిగి తలలు వంచి నిలబడ్డారు. లోపలి నుంచి గొంతు వచ్చింది: "భుజాల దగ్గర బిగుతు. వేరేది చూపించు." మటాటు ఎంత వేగంగా పోయిందంటే ఇద్దరు ప్రయాణికులు అక్కడే మిగిలిపోయారు.

అలాంటి మనిషి ముందు నేను నోరు జారాను.

నగరం అంచున కాయోలేలో నాకొక వీడియో ఆటల షెడ్డు ఉండేది. రేకుల గోడలు, రెండు బెంచీలు, రెండు టీవీలు, రెండు పాత గేమ్ పెట్టెలు. ఆ ఏడు దేశంలోని షెడ్డులన్నిటికీ కలిపి ఫుట్‌బాల్ పోటీ పెట్టారు. ఎవరి ఊళ్ళో వాళ్ళు కూర్చుని ఇంటర్నెట్‌లో ఆడాలి. మాకు మొదటి ఆట మొంబాసా వాళ్ళతో, శనివారం సాయంత్రం నాలుగింటికి. ఆ వేళకి తెర మీద మా పేరు కనబడకపోతే జాబితాలోంచి కొట్టేస్తారు. మా తర్వాతి పేరు మా ఎదురు షెడ్డుది. దాని యజమాని అప్పటికే కొత్త రంగు వేయించి, తలుపు దగ్గర నిలబడి నన్ను చూసి నవ్వుతున్నాడు. ఆ పోటీ వాళ్ళకి వెళ్ళిపోతే నా బెంచీల మీద కూర్చునేవాళ్ళు కూడా రోడ్డు దాటి వెళ్ళిపోతారు.

నా గేమ్ పెట్టెలు ఎంత పాతవంటే వాటిలో వైఫై లేదు. అడాప్టర్ విడిగా కొని తగిలించాలి. శుక్రవారానికి నా దగ్గర పోగైంది పదిహేను వందల షిల్లింగులు.

"రేపు పట్నం వెళ్ళి చవకలో ఒక అడాప్టర్ తెచ్చుకోవాలి మ్జే," అన్నాను. షెడ్డు వెనక గది ఆయనదే.

"నేనూ వస్తా అపోండీ."

"వద్దు మ్జే, దయచేసి."

శనివారం పొద్దున నేను వెళ్ళేసరికి షెడ్డు ముందు మకోఖా గారు సిద్ధంగా ఉన్నారు. పక్కన దుప్పట్లో చుట్టిన నా టీవీ, సంచిలో గేమ్ పెట్టె, భుజానికి మోకులా చుట్టుకున్న పొడుగు వైరు.

"టీవీ దేనికి?"

"అడాప్టర్ పనిచేస్తోందో లేదో దేంట్లో చూస్తావ్ అమ్మాయ్? అద్దంలోనా?"

ఎలక్ట్రానిక్ కొట్లన్నీ ఉండే లుతూలి వీధిలో దిగి ఒక తోపుడుబండి మాట్లాడారు. దాని మీద టీవీ, ముందు ఆయన, వెనక నేను. పరిచయస్తులు కనబడినప్పుడల్లా నేను టీవీ చాటుకి తప్పుకున్నాను.

మొదటి కొట్టు గితోంగాది. వేలిగోరంత ముక్క తీసి తన లాప్‌టాప్‌కి గుచ్చి చూపించాడు. "చూడండి మ్జే, ఎంత వేగమో! ఏడు వందలే."

"నీ లాప్‌టాప్ ఫుట్‌బాల్ ఆడుతుందా?"

"లేదు."

"అయితే తీసి మా దానికి పెట్టు."

పెట్టాడు. మా పెట్టె దాన్ని గుర్తే పట్టలేదు. ఆ రకం ముక్కలు కంప్యూటర్లకే పనికొస్తాయి, ఈ పెట్టెలకి కాదు. నేను ఒక్కదాన్నే వచ్చి ఉంటే ఏడు వందలూ పోయి ఉండేవి. ఆ మాట నేను ఆయనతో అనలేదు.

రెండో కొట్టులో గేమ్ పెట్టె చేసిన కంపెనీవాళ్ళ అడాప్టరే ఉంది. తగిలించగానే వైఫై అందుకుంది.

"పనిచేస్తోంది మ్జే!" అని ఎగిరాను.

"ఎంత?"

"ఆరు వేలు," అన్నాడు కొట్టువాడు.

"ధర పనిచేయట్లేదు," అని మకోఖా గారు వైరు చుట్టారు.

మూడో కొట్టులో దానికి నకలు. అదీ పనిచేసింది. కాకపోతే మకోఖా గారు దాన్ని చేత్తో పట్టుకుని తలపైకి ఎత్తితేనే. చెయ్యి దించితే ఆగిపోయేది. మూడుసార్లు ఎత్తారు, మూడుసార్లు దించారు.

"తీసుకోండి తాతా, వెయ్యికే ఇస్తా."

"నన్నెంతకిస్తావ్? ఇది కొంటే నన్ను కూడా కొనాలి."

అప్పటికే మధ్యాహ్నం దాటింది, బండి చుట్టూ పదిహేను మంది చేరారు. నూనెలో వేయించిన మండాజీలు తింటూ కొందరు, మాకు సలహాలు ఇస్తూ మిగతావాళ్ళు. "ఆ పక్క కొట్టులో చూడు తాతా!" "అక్కకి ఆడటం వచ్చా, ఊరికే టీవీ మోస్తోందా?"

నాలుగో కొట్టువాడు తెలివైనవాడు. మా గేమ్ పెట్టె వెనక వైరు పెట్టే కన్నం ఉండటం చూశాడు. సబ్బుబిళ్ళంత తెల్ల డబ్బా ఒకటి తీశాడు. అది గాల్లోని వైఫైని పట్టుకుని వైరు గుండా పెట్టెకి అందిస్తుంది. పన్నెండు వందలు. తగిలించాడు. తెర వెలిగింది. మా షెడ్డు పేరు వచ్చింది. మకోఖా గారు చెయ్యి ఎత్తాల్సిన పని కూడా లేకపోయింది.

"ఒక ఆట ఆడు. చూద్దాం," అన్నారు ఆయన.

ఇంటర్నెట్‌లో ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషితో ఆడాను. జనం యాభైకి పెరిగారు. చెరొక గోలు. ఆఖరి నిమిషంలో నాకు పెనాల్టీ దొరికింది. యాభై మందీ ఊపిరి బిగబట్టారు. నేను బొటనవేలు నొక్కబోయాను.

మకోఖా గారు ప్లగ్గు పీకేశారు.

ఆ అరుపు మూడు వీధుల అవతలికి వినబడి ఉంటుంది.

"ఏంటి తాతా ఇది!"

"అన్యాయం! పెనాల్టీ!"

"మిగతాది పైన, మూడో అంతస్తులో," అని మెట్ల వైపు చూపించారు ఆయన. "అక్కడా ఇదే డబ్బా ఉంది. ఇంకా పరీక్షించలేదు."

"మ్జే, ఇది బాగానే ఉంది! మూడున్నర అయింది! కాయోలేకి గంట పడుతుంది! నా షెడ్డు పోతుంది మ్జే!" ఏడుపు ఒక్కటే తక్కువ నాకు.

ఆయన సంచి భుజాన వేసుకుని మెట్లెక్కడం మొదలుపెట్టారు. నా గేమ్ పెట్టె ఆ సంచిలో ఉంది. పెనాల్టీ చూడకుండా కదిలేది లేదని పట్టుబట్టిన ఇద్దరు టీవీని ఎత్తుకున్నారు. వాళ్ళ వెనక యాభై మందీ ఎక్కారు.

మూడో అంతస్తు చివర, అన్ని కొట్లూ అయిపోయాక, వరండా మలుపులో ఒక చిన్న కొట్టు ఉంది. అమ్మే ఆవిడ పేరు మ్వెండే. కొట్టు పెట్టి నెల అయిందట. మనిషి మెత్తన, గొంతు ఇంకా మెత్తన. ధర చెబితే క్షమాపణ అడుగుతున్నట్టు ఉంటుంది. కింది వీధిలో లౌడు స్పీకర్లు పెట్టి పిలుస్తుంటే, ఇంత దూరం ఎక్కి వచ్చి ఆ గొంతు వినేదెవరు?

ఆవిడ జనాన్ని చూసి ముందు భయపడింది. తర్వాత మకోఖా గారిని చూసి నవ్వింది. "మళ్ళీ వచ్చారా మ్జే?"

"మళ్ళీ ఏంటి?" అన్నాను.

"మంగళవారం వచ్చారు. నా ప్లగ్గు పనిచేస్తోందో లేదో చూశారు. ఫోను పైకెత్తి గోడ పొడుగునా నడిచారు. వరండాలో ఎంతమంది పడతారో అడుగులతో కొలిచారు. ఏమీ కొనలేదు."

నేను మకోఖా గారి వంక చూశాను. ఆయన ప్లగ్గు వంక చూశారు.

"కాయోలేకి వెళ్ళాల్సిన పని లేదు," అన్నారు నెమ్మదిగా. "ఎక్కడి నుంచి ఆడినా తెర మీద పేరు కనబడితే చాలు. పైకి చూడు."

కొట్టు నెత్తిన గోడకి ఆ భవనం మొత్తానికి వైఫై ఇచ్చే యంత్రం బిగించి ఉంది. భవనంలో ఇంకెక్కడా రాని సిగ్నల్ గీతలు నాలుగూ ఆ మూలన వస్తున్నాయి.

నాలుగు కావడానికి మూడు నిమిషాలు ఉండగా తెర మీద మా పేరు వెలిగింది. మ్వెండే నా పేరు అడిగి, కూర్చోడానికి స్టూలు ఇచ్చింది. మొంబాసా వాళ్ళు ఆడతారని విన్నాను కానీ అంతలా ఆడతారని వినలేదు. పది నిమిషాలు కాకుండానే గోలు కొట్టారు. వరండా చప్పబడింది. మకోఖా గారు నా చెవిలో, "బటన్లన్నీ పనిచేస్తున్నాయా?" అన్నారు.

"పనిచేస్తున్నాయి మ్జే!"

"అయితే నొక్కు."

నొక్కాను. ఒక బంతి గోలుస్తంభానికి తగిలి లోపలికి పడింది. వరండా ఊగింది. కింది అంతస్తుల కొట్లవాళ్ళు ఏం కూలిందోనని ఎక్కి వచ్చారు. వచ్చినవాళ్ళు దిగలేదు. ఆఖరి నిమిషంలో తెర మీది నా ఆటగాడు ముగ్గుర్ని దాటుకుని పోతుంటే వెనక నుంచి ఒక గొంతు గట్టిగా అరిచింది: "కొట్టవే అపోండీ, కొట్టు!" అది మ్వెండే గొంతు.

కొట్టాను. రెండు-ఒకటి.

నన్ను ఎవరు ఎత్తారో, ఎవరు దించారో తెలియదు. దిగేసరికి జనం మ్వెండే చుట్టూ మూగి ఉన్నారు. ఒకడికి డబ్బా కావాలి, ఒకడికి వైరు, ఒకడికి చార్జరు. "ఎంతక్కా? ఇదెంతక్కా?" ఆవిడ అరిచి చెబుతోంది. ధర తగ్గించమన్నవాడిని కసురుతోంది కూడా. నా డబ్బాకి పన్నెండు వందలు ఇవ్వబోతే వెయ్యే తీసుకుంది.

తిరుగు మటాటులో టీవీ మకోఖా గారి ఒళ్ళో కూర్చుంది. నేను ఎక్కువసేపు ఆగలేకపోయాను.

"డబ్బా అక్కడుందని మంగళవారమే తెలుసు కదా మ్జే. నేరుగా తీసుకెళ్ళచ్చుగా. కింద నాలుగు కొట్లు తిప్పారెందుకు?"

"జనం కింద ఉన్నారు. కొట్టు పైనుంది. మధ్యలో మెట్లు." ఆయన టీవీ మీద దుప్పటి సర్దారు. "నేనేం చేయను?"

"నా ప్రాణం పోయింది తెలుసా!"

"ఉంది కదా ఇంకా."

ఆయన నా గౌను అంచు పట్టుకుని రెండు వేళ్ళ మధ్య నలిపి చూశారు.

"బాగా పలచబడింది అమ్మాయ్. కరియోకోర్ బజారు దగ్గర ఒక దర్జీ ఉన్నాడు. కొత్తగా కొట్టు పెట్టాడు. పాపం, బాగా కుడతాడు. కొత్త గౌను కుట్టించుకోవాలని లేదూ నీకు?"

నేను నిట్టూర్చాను.

"ఎన్ని మెట్లు?" అన్నాను.