అమ్మగారికి తెలియకూడని గ్రూపు

ఆ రోజుల్లో నాకు ఉద్యోగం కొత్త, ఫోను కొత్త, అన్నిటికంటే ముఖ్యంగా అధికారం కొత్త. అధికారమంటే కలెక్టరుననుకునేరు, మా చర్చి యూత్ వాట్సాప్ గ్రూపుకి అడ్మిన్‌ని. (నవ్వకండి. తోటపల్లి గూడూరు పక్కన మా ఊళ్లో పాస్టరు అయ్యగారి తర్వాత మాట నాదే అనుకునేదాన్ని.)

ఇంతలో అయ్యగారికి బదిలీ అయింది. ఆయన సంగతి సరే, ఆయన భార్య అమ్మగారు వెళ్లిపోతున్నారంటే మాకు ప్రాణం ఉసూరుమంది. మాకు పాటలు నేర్పింది ఆవిడే, పరీక్షలప్పుడు తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి పంపింది ఆవిడే. ఆవిడకి తెలియకుండా వీడ్కోలు విందు చేసి, మేం కట్టిన పాట పాడాలని మా పథకం. ముందే తెలిసిందా, "ఎందుకమ్మా మీకీ ఖర్చు" అని ఆపేస్తారు. అందుకని వేరే గ్రూపు పెట్టి తాళాలన్నీ బిగించినాను. లింకు ఎవరు నొక్కినా నేను ఒప్పుకుంటేనే లోపలికి. ఆ గ్రూపెందుకో తెలియకుండానే మా అమ్మ నొక్కింది, నేను కొట్టేసినాను. "ఏందే, కన్నతల్లిని గూడా రానీవా?" అనింది. "నీ నోట్లో నువ్వుగింజ నానదు గదమా" అన్నాను. ఆ రాత్రి రొయ్యల కూరలో నాకు రొయ్య తగల్లేదు.

మావాళ్లు ఫోనులో సొంత పేరు పెట్టుకుంటే ఒట్టు. ఒకరు 'యేసయ్య బిడ్డ', ఇంకొకరు 'దేవుడు ప్రేమ'. ఫోటో చూద్దామంటే గొర్రెపిల్లో, గులాబీ పువ్వో. అట్లాగే ఒక గులాబీ పువ్వు వచ్చింది, పేరు 'కృప చాలును'. ఎవరని అడిగితే, "వందనాలు పాపా, పాటలు పాడతాను" అని జవాబు. ఎవరో మర్యాద తెలిసిన అక్క, ఆడగొంతులు తక్కువగా ఉన్నాయి గదా అని రానిచ్చేసినాను. ఆ అక్క మా పాట రికార్డింగు వినీ వినగానే "రెండో చరణం శ్రుతి దిగతా ఉంది" అని రాసింది. నాకు ఒళ్లు మండింది. నిన్నగాక మొన్న వచ్చి పెత్తనమా అని, అడ్మిన్ ఒక్కరే మాట్లాడేటట్టు సెట్టింగు మార్చేసినాను. (చరణం మటుకు సరిచేసుకున్నాం. నిజంగానే దిగతా ఉంది.)

ఆదివారం ఆరాధన అయినాక హాలు తలుపు తీస్తే, అమ్మగారు చెంపలు పట్టుకుని "అయ్యో బిడ్డలారా, ఇదంతా ఎప్పుడు చేసినారు!" అన్నారు. పాట అయ్యేసరికి ఆవిడా ఏడ్చినారు, మేమూ ఏడ్చినాం. నేనైతే ఏడుస్తానే మా అమ్మ వంక చూసి కళ్లెగరేసినాను, రహస్యమంటే ఇట్లా దాచాలని.

ఇంటికొచ్చి, పని అయిపోయింది గదా అని అందరూ మాట్లాడేటట్టు సెట్టింగు తిప్పినాను. మొదట పలికింది గులాబీ పువ్వే.

"బాగా పాడినారు బిడ్డలారా. ఇది నా కొత్త ఫోను. 'నన్ను రానీలేదు, మీరన్నా చూడండమ్మా' అని మీ అమ్మ లింకు పంపితే, ప్రార్థన గ్రూపనుకుని నొక్కినాను. సంగతి తెలిసినాక బయటికి పోవాల్సింది, మనసు రాలేదు. ఇప్పుడు గూడా తీసెయ్యబాక పాపా. పోయే ఊళ్లో నాకెవరూ తెలీదు."

నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసినాను. ఆనక ఆవిణ్ణే అడ్మిన్ చేసేసినాను. ఆవిడ మొట్టమొదట చేసిన పని మా అమ్మని లోపలికి రానివ్వడం.

ఇప్పుడు ఆఫీసులో, అపార్టుమెంటులో ఎన్ని గ్రూపులకో నేనే అడ్మిన్‌ని. ఫ్లాటు నంబరు చెప్పందే ఎవర్నీ రానివ్వను. ఆ పాత గ్రూపులో మాత్రం ఈ పొద్దుటికీ అమ్మగారి వందనాలు వస్తాయి, తాళాలేసుకుని కాపలా కూర్చున్న ఆ పిల్ల గుర్తొస్తుంది, పాపం అనిపిస్తుంది, ముద్దూ వస్తుంది.