వదినగారు మూసిన గాలి కన్నం

మా వదినగారు పోయారు. ఆ రోజు పొద్దున్నే ఆస్పత్రి నుంచి మా ఆయన ఫోన్ చేసి, "అక్కయ్య వెళ్ళిపోయింది" అని పెట్టేశారు. అంత్యక్రియలనాడు అందరూ ఆవిడ గురించి తలో నాలుగు మాటలు చెప్పారు. నలుగురిలో నోరు విప్పడం నాకు చేతకాదు. అప్పుడు చెప్పలేనివి ఇప్పుడు రాస్తున్నాను.

ఆడపడుచు అర్ధమొగుడంటారు కదా, ఆ భయంతోనే న్యూజెర్సీలో దిగాను. ఎయిర్‌పోర్టులో చీర మీద ఓవర్‌కోటు వేసుకున్న మనిషి ఎదురొచ్చి, తన చేతి తొడుగులు ఊడదీసి నాకు తొడిగారు. "ముందు చేతులు దాచుకో అమ్మాయ్. సిగ్గు తర్వాత పడుదువుగాని" అన్నారు. భర్త పోయాక ఆవిడ తమ్ముడి దగ్గరే ఉంటూ, సబ్బుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పనికి వెళ్ళేవారు. మంచులో బస్సు కోసం నిలబడి వచ్చి, "చలి పిలవకుండా వచ్చే చుట్టం, గుమ్మంలోనే ఆపాలి" అంటూ తలుపు సందుల్లో గుడ్డలు కుక్కేవారు.

మా పాప జనవరిలో పుట్టింది. పురుడు పొయ్యడానికి మా అమ్మ రాలేకపోయింది. వదినగారు సెలవు పెట్టి, అమ్మ చేసేవన్నీ తనే చేశారు. నా చెవుల్లో దూది, తలకి గుడ్డ, పథ్యం కూర, పాపకి సాంబ్రాణి ధూపం. బాలింతకి గాలి తగలకూడదని నన్ను మంచం దిగనిచ్చేవారు కాదు.

మేముండేది ఒక పాత ఇంటి కింది అంతస్తు. వంటింటి పక్క చిన్న గదిలో గ్యాస్ బాయిలర్ ఉండేది. అది నీళ్ళు కాచి గదిగదికీ పంపితేనే ఇల్లు వెచ్చబడేది. ఆ గది బయటి గోడకి ఒక జాలీ ఉంది. దాంట్లోంచి ఈదురుగాలి వచ్చి, తలుపు కింది సందులోంచి నా మంచం దాకా పాకేది.

"వేడి కోసం బాయిలర్ పెట్టి, పక్కనే గోడకి కన్నం పెట్టినవాడెవడే, వాడి తెలివి తెల్లారా!" అంటూ వదినగారు తన పాత నేత చీర చింపి జాలీ నిండా కుక్కారు. తలుపు కింద కూడా ఒక ముక్క మడిచి పెట్టారు.

తర్వాత నాకు తలనొప్పి మొదలైంది, కడుపులో తిప్పేది. బాలింత నీరసం అనుకున్నాం. వదినగారికీ తల పట్టేసినట్టుంటే సాంబ్రాణి పొగ ఎక్కువైందనుకున్నారు. గదులు సరిగ్గా వేడెక్కడం లేదని మా ఆయన గదుల్లోని రేడియేటర్లలో చిక్కుకున్న గాలి వదిలారు, థర్మోస్టాట్ పెంచారు. బాయిలర్ మూత తీసి తొంగి చూశారు.

"మంట బానే ఉంది అక్కయ్యా."

"బానే ఏమిట్రా, పచ్చగా కార్తీక దీపంలా వెలిగిపోతుంటేనూ!"

వంటింటి పొయ్యి మీద అదే గ్యాసు రోజూ నీలంగా మండుతూనే ఉంది. రెండు మంటల్నీ పోల్చి చూడాలని మాలో ఎవరికీ తోచలేదు.

ఒక ఉదయం, మా ఆయన ఆఫీసుకి వెళ్ళాక, పాప పాలకి లేవలేదు. అరికాలు గిల్లినా ఏడవలేదు. వదినగారు పాపని కోటులో చుట్టి, ఎదురింటి ముసలావిడని పిలుద్దామని తలుపు తీసుకుని పరుగెత్తారు. బయటి గాలి తగిలిన కాసేపటికి పాప సన్నగా ఏడ్చింది. అక్కడే ఆగి, ఇంటి వైపు తిరిగి చూశారట. మరుక్షణం ఆవిడ కేక నాకు వినబడింది.

"లేవవే! బయటికి రా! ఈ ఇంట్లోనే ఏదో ఉంది!"

"బాలింతని వదినా, చలి..."

"చలి చంపదు, రావే!"

నేల మీద కాలు పెట్టనివ్వని మనిషి నన్ను మంచులోకి లాక్కుపోయారు.

ఎదురింటావిడ ఫోన్ చేస్తే గ్యాస్ కంపెనీ మనిషి వచ్చి, ముందు గ్యాసు కట్టేసి, కిటికీలన్నీ తెరిచాడు. గాలి చాలక మంట పచ్చబడిందనీ, వాసన లేని విషవాయువు ఇంట్లో నిండిందనీ చెప్పాడు. జాలీలోంచి చీరముక్కలు లాగుతూ, "ఇవెవరు పెట్టారు?" అని అడిగాడు.

"నేనే" అన్నారు వదినగారు. పాపని తెచ్చి నా ఒళ్ళో పెట్టేశారు.

ఆస్పత్రిలో మా ముగ్గురికీ ఆక్సిజన్ పెట్టారు. పాపకి ప్రమాదం లేదని డాక్టరు చెప్పారు. మా ఆయన నమ్మారు, నేను నమ్మాను. వదినగారు నమ్మలేదు.

అప్పట్నించీ ఎంత చలికైనా మా ఇంట్లో ఒక కిటికీ వేలెడంత తెరిచి ఉండేది. "ఏం పిన్నిగారూ, న్యూజెర్సీ అంతటికీ హీటింగ్ పెడుతున్నారా?" అని వచ్చినవాళ్ళు వేళాకోళం చేసేవారు. ఆవిడ నవ్వేసి, వాళ్ళింట్లో బాయిలర్ ఎక్కడుందో, దానికి గాలెక్కడ్నించి వస్తుందో అడిగి తెలుసుకునేవారు. పాపకి మాటలు కాస్త ఆలస్యమైతే ఆవిడకి నిద్ర కరువైంది. పిల్ల తూలి పడితే, పరధ్యానంగా కూర్చుంటే, "అప్పటి దానివల్లేనంటావా?" అని నన్ను చాటుగా అడిగేవారు.

ఒకసారి ధైర్యం చేసి అన్నాను: "మీరు బయటికి లాక్కురాకపోతే మేమిద్దరం లేం, వదినా."

"నేను మూయకపోతే లాక్కొచ్చే పనే ఉండేది కాదు కదే" అన్నారు.

ఏం చెబితే ఆవిడ మనసు తేలికపడేదో నాకు ఇప్పటికీ తెలియదు. నాకోసం చేసిన పనిని తప్పుగా మోస్తూనే వెళ్ళిపోయారు. ఇదొక్కటే నాకు తీరని దిగులు.

పోయే ముందు వారం పాపని తీసుకుని ఆస్పత్రికి వెళ్ళాను. ఇప్పుడది బడికెళ్తోంది.

"నీకు ఎప్పుడన్నా తల నొస్తుందా తల్లీ?" అని అడిగారు.

"నో అత్తా. నీకు నొస్తోందా?" అంది పాప.

వదినగారు తల అడ్డంగా ఊపారు. పాప కిటికీ దగ్గరకెళ్ళి, అద్దం మీద గట్టిగా ఊది, ఆ ఆవిరిలో వేలితో రెండు కళ్ళూ ఒక నవ్వూ గీసింది. వదినగారు దిండు మీంచి తల ఎత్తి చూస్తున్నారు. బొమ్మ మెల్లగా మాసిపోయింది.

"ఇంకోసారి ఊదవే" అన్నారు.

పాప ఊపిరి నిండా పీల్చుకుని మళ్ళీ ఊదింది.