నాలుగో వరస, పదకొండింటికి

నా చిన్నప్పుడు మా నాన్నకూ పెదనాన్నకూ మాటల్లేవు. అలాగని ఇద్దరూ మౌనంగా ఉండేవారని కాదు. రామచంద్రపురం దగ్గర మా ఊళ్ళో మా రెండిళ్ళకూ మధ్య ఒక్క గోడే ఉండేది. గోడకు ఇటు నాన్న, అటు పెదనాన్న, వాళ్ళ కబుర్లు మోయడానికి ఎనిమిదేళ్ళ నేను. పెదనాన్న కొడుకులిద్దరూ హాస్టల్లో ఉండి చదువుకునేవారు. మా నాన్నకు నేనొక్కదాన్నే.

గొడవంతా చేలగట్టు గురించి. పంపకాలయ్యాక అది మా వైపు అరగజం జరిగిందని నాన్న అనేవాడు, జరగలేదని పెదనాన్న. పెద్దయ్యాక నేనే దాన్ని రెండుసార్లు కొలిచి చూశాను. పాత కొలత ఎంతో తెలియనప్పుడు కొత్త కొలత దేన్నీ తేల్చదు.

ఆ ఏడు నాయనమ్మకు మొక్కు బెంగ పట్టుకుంది. చిన్నతనంలో కొడుకులిద్దరికీ ఒకేసారి అమ్మవారు పోస్తే, వీళ్ళు బతికి పెళ్ళిళ్ళయ్యాక పక్కపక్కన కూర్చోబెట్టి అన్నవరంలో వ్రతం చేయిస్తానని మొక్కుకుందట. ఆ మొక్కు తీరకుండానే పోతానేమోనని అన్నం మానేసింది. దాంతో ఇద్దరూ ఒప్పుకున్నారు. ఒకే బస్సులో బయలుదేరాం. పెదనాన్నా పెద్దమ్మా ముందు సీట్లో, మేమూ నాయనమ్మా వెనక సీట్లో.

కత్తిపూడిలో బస్సు ఆగినప్పుడు నాన్న నన్ను పిలిచాడు. "నాయనమ్మ మెట్లెక్కలేదు, కొండ మీదకి బస్సెక్కిద్దామని మీ పెదనాన్నకి చెప్పు. గట్టు మింగినోడికి అమ్మ మోకాళ్ళ నొప్పి ఏం తెలుస్తుందిలే, అది కూడా చెప్పు."

వెళ్ళేసరికి పెదనాన్న టీకి దిగాడు. పెద్దమ్మ నా గౌను పట్టుకుని ఆపి, ఏం చెప్పమన్నాడని అడిగింది. నేను పొల్లుపోకుండా అప్పజెప్పాను.

"కొండ మీదకి బస్సు. అంతేగా?"

"గట్టు మింగినోడికి..."

"కొండ మీదకి బస్సు," అంది మళ్ళీ, అదే గొంతుతో. "పనికొచ్చేది చెప్పు, మిగతాది మింగెయ్యి. కాపరానికొచ్చిన కాణ్ణుంచీ నేను చేస్తున్నదదే. చచ్చానా ఏంటి?"

ఆ మాట నాకు చాలా నచ్చింది. దారిపొడవునా చేసి చూశాను. ఏ కబురులోంచైనా తిట్టు తీసేస్తే చివరికి మిగిలేది దాదాపు ఎప్పుడూ ఒక అంకే. ఎన్నింటికి, ఎంతమంది, ఎన్ని కొబ్బరికాయలు. అంకెకు కోపం ఉండదు. నేను పెద్ద బడులకు వెళ్ళలేదు, లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. ఆ రుచి మాత్రం నాకు ఆ బస్సులోనే తగిలింది.

కొండ మీద వ్రత మండపంలో పెదనాన్న ముందుగా వెళ్ళి చోటు పట్టాడు. నాన్న బయట కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాడు. పెదనాన్న నన్ను దగ్గరకు పిలిచి, వదులైన నా జడ రిబ్బను బిగిస్తూ అన్నాడు.

"నాలుగో వరస, పదకొండింటికి మొదలని మీ నాన్నకి చెప్పమ్మా. ఇంకోటి కూడా అడుగు. ఒక్క ఆడపిల్ల తప్ప వెనకెవరూ లేని కొంపకి గట్టెందుకంట?"

రిబ్బను చక్కగా ముడేసి నా వీపు తట్టాడు. పక్కనే పెద్దమ్మ తమలపాకులు సర్దుతోంది. ఆమె చేతులు ఆగాయి. నా వైపు ఒకసారి చూసి, మళ్ళీ ఆకులు సర్దుకుంది.

మండపం బయటికి ఎలా నడిచానో గుర్తులేదు. ఆ మాట చెవిన పడితే నాన్న ఏం చేస్తాడో మాత్రం నాకు బాగా తెలుసు. అమ్మ చెయ్యి పట్టుకుని అప్పటికప్పుడు కొండ దిగిపోతాడు. ఇక ఆ జన్మలో ఆ ఇద్దరూ పక్కపక్కన కూర్చోరు. నాయనమ్మ మండపం గడపలో గోడకు చేరగిలబడి, కొడుకులు లోపలికి ఎప్పుడు వెళ్తారా అని చూస్తోంది.

"నాలుగో వరస, పదకొండింటికి," అన్నాను నాన్నతో.

"ఇంకేమన్నాడు?"

"అంతే."

"వాడి నోట్లోంచి అంతే వచ్చిందా? అయితే దేవుడున్నాడన్నమాట," అని నాన్న కండువాతో కాళ్ళు తుడుచుకుని లోపలికి నడిచాడు.

ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. కథ అయ్యేంతవరకూ నాయనమ్మ వెనక కూర్చుని ఇద్దరి వీపుల మీదా చెరో చెయ్యీ వేసి ఉంచింది. నాకు ఆకులో ప్రసాదం పెట్టారు. అందరూ ఇంకా కావాలని అడిగే ప్రసాదం అది. నేను నా వంతు అమ్మకిచ్చేశాను.

ఆ వానాకాలమే నాయనమ్మ పోయింది, బెంగ లేకుండా. ఏళ్ళు గడిచాక అన్నదమ్ములిద్దరూ మాట కలుపుకున్నారు. చివరి రోజుల్లో నాన్న మంచం పక్కన కూర్చున్నది పెదనాన్నే. పెద్దమ్మ అంతకు ముందే పోయింది. మండపంలో విన్న ఆ మాట గురించి ఆమే నేనూ ఒక్కసారి కూడా అనుకోలేదు.

పెదనాన్న ఇంకా ఉన్నాడు. కౌలు ధాన్యం లెక్క చూడమని కబురు పెడితే మొన్న వెళ్ళాను. పడక్కుర్చీలో కూర్చుని, అడక్కుండానే మొదలెట్టాడు.

"మీ నాన్న వట్టి అమాయకుడమ్మా. ఆ వేళ అన్నవరంలో నేను పంపిన మాటకి ఇంకోడైతే నా మొహం చూస్తాడా? వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆ రోజే నాలో కోపం చచ్చిపోయింది. మాట కలపడానికే అన్నేళ్ళు పట్టింది."

నేను ధాన్యం లెక్క చెప్పి వచ్చేశాను.

మా నాన్న ఆ మాటను క్షమించలేదు. ఆయన దాన్ని విననే లేదు. విన్నది నేను, క్షమించనిదీ నేనే. మా ఇంట్లో పిల్లల చేత ఎవరికీ ఏ కబురూ పంపనివ్వను, ఎంత చిన్నదైనా లేచి వెళ్ళి నేనే చెప్తాను. పెద్దమ్మ నేర్పిన విద్య ఇద్దరు మనుషుల్ని కలిపిందంటే కాదనను. కానీ ఆ మాట ఇంకా నా దగ్గరే ఉంది. చేర్చవలసిన మనిషి లేడు. తిరిగి ఇచ్చెయ్యడానికి, దాన్ని అన్న మనిషి మాత్రం ఇంకా ఉన్నాడు.