నాడి పందెం

ఈ పరాయి దేశంలో మేముండే టార్నీట్ పేటలో, మా వాకింగ్ బ్యాచ్‌లో అందరి చేతులకీ నాడి వేగం చూపించే వాచీలే. ఆదివారం పార్కులో బార్బెక్యూ పెట్టుకున్నప్పుడల్లా ఎవరి గుండె ఎంత నెమ్మదిగా కొట్టుకుంటోందో చూపించుకోవడం ఒక సరదా. ఎంత నెమ్మదిగా కొట్టుకుంటే అంత ఫిట్‌గా ఉన్నట్టట. నా అంకె ఎప్పుడూ అందరికన్నా ఎక్కువే.

నా గుండెకి ఏ జబ్బూ లేదు. ఉన్న జబ్బల్లా బడాయే. గుండెదడకని మా ఆవిడ వేసుకునే మాత్ర నాడిని తగ్గిస్తుందని తెలుసు. ఆ ఆదివారం పొద్దున ఆమె చూడకుండా ఒకటి మింగాను. వాచీలో అంకె కాస్తే దిగింది. నా ఆశకి అది చాలలేదు. కాకినాడ నుంచి సంచీడు మాత్రలతో వచ్చిన అత్తగారి దగ్గరికి వెళ్లి, "మీ బీపీ మాత్ర ఒకటిస్తారా?" అన్నాను. అదీ గుండెను నిదానం చేసేదేనని ముందే చూసిపెట్టుకున్నాను. అల్లుడు అడిగితే ఎందుకని అడగడం అత్తగారికి అలవాటు లేదు. మంచినీళ్లతో సహా తెచ్చిచ్చారు.

పార్కులో పందెం నేనే గెలిచాను. వాచీ ఎత్తి చూపిస్తూ చూపిస్తూనే కళ్లు బైర్లు కమ్మి పొయ్యి పక్కన పడిపోయాను.

"విడివిడిగా రెండూ మంచి మందులే. కలిస్తే ఆరోగ్యమైన గుండెని కూడా మరీ నెమ్మది చేసేస్తాయి. అసలెందుకు వేసుకున్నారు?" అని ఆసుపత్రిలో డాక్టరు అడిగింది. వాచీ సంగతి ఇంగ్లీషులో గొణిగాను. అత్తగారికి అర్థం కాక, "ఏమంటున్నారే?" అని కూతుర్ని అడిగారు. మా ఆవిడ నా వంక ఒక్కసారి చూసి, "తలనొప్పికి వేసుకున్నారంటమ్మా" అంది. తల్లి ముందు నా పరువు కాపాడింది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇంటికొచ్చాక అత్తగారు తన మాత్ర మానేశారు. మా ఆవిడ ఎంత పోరినా వినలేదు. బీపీ చూస్తే బాగా పెరిగి ఉంది. "అల్లుడుగారిని పడేసిన మందు నేనెలా మింగనే? నా చేత్తో ఇచ్చాను కదే," అని కొంగు నోటికడ్డం పెట్టుకున్నారు. మా ఆవిడ ఈసారి నా తరఫున ఏమీ చెప్పలేదు.

"మీ మందు మంచిదేనండీ," అన్నాను. "నాకు తలనొప్పీ లేదు, ఏమీ లేదు. వాచీలో అంకె తగ్గించుకుని నలుగురిలో గొప్పలు పోదామని వేసుకున్నాను. దాంతోపాటు మీ అమ్మాయి మాత్ర కూడా దొంగతనంగా మింగాను."

అత్తగారు నా మొహం చూడలేదు. మాత్ర వేసుకుని, గ్లాసు కింద పెట్టి, "ఇడ్లీ చల్లారిపోతోంది, తినండి బాబూ" అన్నారు.

తిట్టినా బాగుండేది.