ఎంత నుంచి ఎంతకు?

విజయవాడ వన్‌టౌన్‌లో మా అమ్మాయి ఇంటి కింద టీకొట్టు ఉంది. పొద్దున్నే అక్కడ పాలు పొంగి పొయ్యి మీద పడ్డ మాడువాసన మేడ మీదికొస్తుంది. ఆ వాసనకు చల్లపల్లి దగ్గర మా ఊరి పాలకేంద్రమూ, సుశీల టీచరూ గుర్తొస్తారు. పొద్దున పాలకేంద్రం చూసేదీ, సాయంత్రం చర్చి వరండాలో మా ఆడవాళ్లకు అక్షరాలు నేర్పేదీ ఆవిడే. యాభై దాటిన నా చేత పలక పట్టించింది. నేను మొద్దునంటే, "మొద్దువి కాదు పిన్నీ, మొండిదానివి" అనేది.

ఒక వానాకాలం డెయిరీ సూపర్‌వైజరు, "మీ గేదె పాలలో వెన్న పాతిక శాతం తగ్గిందండీ" అని చెప్పి బండెక్కి పోయాడు. అంతకుముందు ఎనిమిది శాతం ఉందన్నది వాళ్లే. ఎనిమిది ఉన్నచోట పాతిక తగ్గితే ఇంకేం మిగులుతుంది? ఏదో పెద్ద రోగమే అనుకున్నాను. మా ఇల్లు నడిచేది ఆ ఒక్క గేదె మీద. చేతులారా చంపుకోవడం కంటే అమ్మేయడం మేలని బేరగాడికి కబురు పెట్టాను.

అతను గేదె పళ్లు చూస్తుండగా టీచరు వచ్చింది.

"ఏంది పిన్నీ, పెళ్లిచూపులా?"

"వెన్నంతా పోయిందంట కదమ్మా! ఇంక నీళ్లు పితుక్కోనా?"

ఆవిడ నవ్వి కుడితి తొట్టి అంచున కూర్చుంది. "ఎంత నుంచి ఎంతకు తగ్గిందో అడిగావా? వంద గ్లాసుల పాలకు ఎనిమిది గ్లాసుల వెన్న ఉండేది, ఇప్పుడు ఆరుంది. పోయింది రెండు. ఎనిమిదిలో రెండంటే నాలుగో వంతు, దాన్నే పాతిక శాతం అంటారు. ఆయన అన్నది తప్పు కాదు, ఆఫీసులో అట్లానే చెప్పుకుంటారు. నీకు మాత్రం ఎనిమిది ఆరయిందని చెప్పాల్సింది. వానలకి వట్టి పచ్చిగడ్డే వేస్తన్నావుగా, ఎండుగడ్డి కలుపు."

ఊపిరి పీల్చుకుని బేరగాణ్ణి పొమ్మన్నాను. "టీ అన్నా ఇయ్యవా?" అన్నాడు.

"వెన్న తగ్గిన పాలు, నీకెందుకులే!" అన్నాను.

ఎండుగడ్డి పడ్డాక పాలు చిక్కబడ్డాయి. ఈసారి సూపర్‌వైజరు "ముప్పై మూడు శాతం పెరిగిందండీ" అన్నాడు. టీచరు దగ్గరికి ఉరికాను.

"పోయింది పాతికా, వచ్చింది ముప్పై మూడా? నా గేదె వడ్డీ కూడా తెచ్చిందా?"

"ఆ రెండే పిన్నీ! ఎనిమిదిలో రెండు నాలుగో వంతు, ఆరులో రెండు మూడో వంతు. ఆరు మళ్లీ ఎనిమిదయింది, అంతే."

ఆ తర్వాత డెయిరీకి పంపే కాగితంలో శాతాలు రాసినా, మాకోసం కేంద్రం గోడ మీద "ఆరు నుంచి ఎనిమిదికి" అని సుద్దతో రాసేది. నేను ఒకరి సాయం లేకుండా చదువుకున్న మొదటి మాట అదే.

మొన్న కంటి ఆపరేషన్ అయ్యాక డాక్టరు, "మీ చూపు వంద శాతం మెరుగైందమ్మా" అన్నాడు. మా అమ్మాయి చేతులు జోడించేసింది. నేను, "ఎంత నుంచి ఎంతకు బాబూ?" అన్నాను. ఆయన గోడమీది అక్షరాల పటం చూపించాడు. "ముందు రెండు వరుసలే చదివేవారు, ఇప్పుడు నాలుగు. కింద ఇంకా ఉన్నాయి, అవి మెల్లగా రావాలి."

అమ్మాయి మొహం వాడిపోయింది. నాకు మాత్రం నిమ్మళంగా ఉంది. ఎక్కడున్నానో తెలిసింది కదా. ఆ నాలుగు వరుసలూ మళ్లీ ఒకసారి గట్టిగా చదివాను. ఈ అక్షరాలు ఎవరు నేర్పారని ఆయన అడగలేదు. నేనే చెప్పాను.